పిల్లల మడమలు పట్టే కోలీ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. మా ఇంట్లో ఏడాదిన్నర వయసున్న బోర్డర్ కోలీ ఆడకుక్క ఉంది. పిల్లలు పరుగెత్తితే చుట్టూ తిరిగి వారిని ఒక మూలకు చేర్చి, మడమలు పట్టుకుంటుంది. వీధిలో గొర్రెల మంద వెళ్తుంటే నేలకు కరుచుకొని రెప్ప వేయకుండా చూస్తుంది. దానికి పిచ్చి పట్టిందని, నాలుగు తగిలిస్తే దారికొస్తుందని మా మామగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలు పిచ్చివి కావు, దయచేసి దాన్ని కొట్టవద్దు. మీ మామగారికి అలా అనిపించడంలో వింత లేదు. నెల్లూరు గొర్రెలను మేపే మన కాపరుల వెంట ఉండే కుక్క ప్రధానంగా కాపలాకే; రాత్రి పొలంలో మంద కట్టినప్పుడు అలికిడైతే మొరుగుతుంది, మందను మళ్ళించేది మాత్రం కాపరి అదిలింపూ కర్రా. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో ఆ మళ్ళించే పనికే కుక్కలను తరతరాలుగా ఏరి పెంచారు. వేటలో ఉండే చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం అనే గుణాలను వాటిలో బలపరిచి, కరిచి చంపే గుణాన్ని అణచారు. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. పరుగెత్తే పిల్లలు మీ కుక్క కంటికి చెదిరిన మందలా కనిపిస్తున్నారు.

అలాగని దీన్ని ఆటగా వదిలేయకూడదు, ఎందుకంటే చేసిన కొద్దీ అది ఆ పనికి రుచి మరుగుతుంది. అది వెంటపడగానే కేకలు వేయకుండా, కదలకుండా నిలబడమని పిల్లలకు నేర్పండి. పరుగు ఆగితే దానికి పని ఉండదు. పెద్దలు దగ్గర లేనప్పుడు పిల్లలనూ కుక్కనూ కలిపి ఉంచవద్దు. ఇంట్లో పొడవాటి తాడు కట్టి, ‘రా’, ‘ఆగు’ అన్న మాటలను ఇంటిల్లిపాదీ ఒకేలా పలుకుతూ, విన్న ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి. ఈ తర్ఫీదులో మీ మామగారినీ కలుపుకోండి. నడక ఒక్కటే దానికి చాలదు, బుర్రకూ పని కావాలి: దాచిన తిండిని వాసనతో వెతికించడం, పెద్ద బంతిని ముక్కుతో నెట్టించి మీ దగ్గరకు తెప్పించడం బాగా పనిచేస్తాయి. ఒత్తుగా బొచ్చున్న జాతి కనుక మన ఎండల్లో ఇవన్నీ తెల్లవారుజామునో, పొద్దుగూకాకో చేయించండి.

పిల్లలకు కుక్క పన్ను గీసుకున్నా సరే, దానికి టీకా వేయించి ఉన్నా సరే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మంద వెళ్ళే వేళకు గేటు వేసి, దాన్ని లోపల వేరే పనిలో పెట్టండి. బెదిరి పరుగెత్తితే చూడి గొర్రెలు ఈసుకుపోవచ్చు (గర్భం పోవచ్చు), ఆ నష్టం కాపరి మీద పడుతుంది.