ల్యాబ్ మాంసం మనవాళ్ళు తింటారా? సర్వే పట్టుకుని ఇంటింటికీ తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా

ప్రశ్న: "ఇండియాలో దాదాపు సగం మంది ల్యాబ్‌లో పెంచిన మాంసం కొనడానికి రెడీగా ఉన్నారని ఒక సర్వే గురించి చదివాను. నమ్మొచ్చా? ఎంఏ సోషియాలజీ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకుందామనుకుంటున్నా."

తప్పకుండా తీసుకోండి, మన భాషలో దీని మీద పని చేసినవాళ్ళు చాలా తక్కువ. ల్యాబ్ మాంసం అంటే జంతువుని కొయ్యకుండా దాని కణాల నుంచి ల్యాబ్‌లో పెంచేది. మీరు చదివింది 2019లో వచ్చిన సర్వే అయ్యుంటుంది. క్రిస్ బ్రయంట్ అనే పరిశోధకుడి టీమ్ అమెరికా, ఇండియా, చైనా మూడు దేశాల్లో కలిపి మూడు వేల మంది పైచిలుకుని అడిగారు, కొనే అవకాశం బాగా ఉంది అన్నవాళ్ళు అమెరికాలో 29.8 శాతం, మన దగ్గర 48.7, చైనాలో 59.3. నంబర్ తప్పని నేను అనట్లేదు. కానీ ఇండియా నుంచి జవాబు ఇచ్చిన ఆ వెయ్యి మందిలో ఎక్కువమంది సిటీల్లో ఉండేవాళ్ళు, బాగా చదువుకున్నవాళ్ళు, చేతిలో డబ్బు ఆడేవాళ్ళు. ఆ సంగతి పేపర్లో వాళ్ళే రాసుకున్నారు, వార్తల్లోకి వచ్చేసరికి ఆ ముక్క ఎగిరిపోయి "సగం మంది భారతీయులు" అయి కూర్చుంది.

నేను 2022లో రెండు నెలలు ఒక మార్కెట్ రీసెర్చ్ కంపెనీకి (పేరు వద్దులెండి) ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేశా. కొత్త రకం ఆహారాల మీద పెద్ద ఫారం, అందులో ల్యాబ్ మాంసం గురించి ఒక ఆరు ప్రశ్నలు. నాకు ఇచ్చిన ఏరియా హైదరాబాద్‌లో ఉప్పల్, బోడుప్పల్, చెంగిచెర్ల. విశేషం ఏంటంటే ఈ మాంసం మీద పని జరిగేది కూడా అక్కడే, పక్కనే హబ్సిగూడలో సీసీఎంబీ (కణాల మీద, అణు జీవశాస్త్రం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ), చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన కేంద్రం, ఈ రెండిటికీ కలిపి 2019లో కేంద్రం సుమారు 4.5 కోట్లు ఇచ్చింది. ఆ మాంస పరిశోధన కేంద్రం గోడకి అర కిలోమీటరు దూరంలో ఉన్న ఇళ్ళలో నేను అడిగినవాళ్ళెవరికీ ఈ సంగతి తెలీదు.

ఒక ఆదివారం పొద్దున బోడుప్పల్‌లో ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నా. వాకిట్లో టబ్బు పెట్టుకుని బోటి కడుగుతోంది, వేడినీళ్ళలో ముంచి, సున్నం రాసి, కత్తి వెనకవైపుతో గీకుతోంది. నేను ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు చదివా, "జంతువును వధించకుండా దాని కణాల నుండి ల్యాబ్‌లో పెంచిన మాంసం అందుబాటులోకి వస్తే మీరు కొనుగోలు చేసే అవకాశం ఎంత?" అని. ఆమె చెయ్యి ఆపి, "ల్యాబంటే రక్తం గుంజుతరు చూడు, గా ల్యాబేనా బిడ్డా?" అంది. కాదమ్మా, పరిశోధన చేసే చోటు అన్నాను. కణాలంటే ఏందంది. సెల్స్ అంటారు అన్నా, పక్కనే ఉన్న మనవడు "సెల్లంటే ఫోను నానమ్మా" అన్నాడు. అప్పటికి నాకు అర్థమైంది ఈ ప్రశ్న తెలుగు లిపిలో ఉందే గానీ తెలుగులో లేదని.

ఇంక నా మాటల్లో చెప్పా. మేకని కొయ్యకుండా దాని కండలోంచి చిటికెడు ముక్క తీసి, పాలకి తోడేసినట్టు వేసి పెంచుతారమ్మా అని. వెంటనే ఆమె మొహం మారింది. "గట్లయితే మంచిదే కదా, జీవి బతుకుతది" అంది. ఒక నిమిషం ఆగి, "మరి గండ్ల బోటి వస్తదా? నల్లి బొక్క వస్తదా?" అంది. రాదమ్మా, ఇప్పటికైతే ఎక్కువ కైమా లాంటిదే చేయగలుగుతున్నారు అన్నా. "బొక్క లేనిది కూర ఏమైతది" అని మళ్ళీ గీకుడు మొదలుపెట్టింది, నేను లేచేటప్పుడు మాత్రం "నువ్వు ఇంత ఎండల వచ్చి అడిగినవ్, తింటమని రాసుకోపో" అంది.

ఇప్పుడు చెప్పండి, నేను ఏం నొక్కాలి? ట్యాబ్‌లో ఐదే గడులు, "ఖచ్చితంగా కొంటాను" దగ్గర్నుంచి "అస్సలు కొనను" దాకా. నేను "బహుశా కొంటాను" నొక్కా. నల్లి బొక్క సంగతి రాయడానికి చోటు లేదు, సూపర్‌వైజర్‌ని అడిగితే "మధ్యలో మాటలు మనకెందుకు, రోజుకి ఇరవై ఫారాలు కావాలి" అన్నాడు. ఆవిడ ఒక్క పదినిమిషాల్లో మూడు అభిప్రాయాలు చెప్పింది, డేటాలోకి వెళ్ళింది నాలుగోది, నా మీద జాలితో చెప్పింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తోడు పోలిక వాడటం కూడా నా తప్పే. పెరుగులో పెరిగేది బాక్టీరియా, ఇక్కడ పెరిగేది కండ కణాలు, రెండూ ఒకటి కాదు, పైగా తోడు అనగానే అది మన వంటింటి పని అయిపోయింది. ఇలా చెప్పే తీరుని బట్టి జవాబు ఎలా మారుతుందో దాని మీద మంచి పరిశోధన ఉంది. పైన చెప్పిన బ్రయంటే, డిల్లార్డ్ అనే ఇంకొకరితో కలిసి 2019లో అమెరికావాళ్ళని గుంపులుగా విడదీసి ఒకళ్ళకి ఇది గొప్ప హైటెక్ అని చెప్పారు, ఇంకొకళ్ళకి సమాజానికి మేలని, మరొకళ్ళకి మామూలు మాంసం లాంటిదే అని. హైటెక్ అని విన్నవాళ్ళే తక్కువ ఒప్పుకున్నారు. స్విట్జర్లాండ్‌లో సీగ్రిస్ట్ అనే పరిశోధకుడి టీమ్ 2018లో చూసింది కూడా ఇంచుమించు అదే, తయారీ వివరాలు ఎంత టెక్నికల్‌గా చెబితే అంత వెనక్కి తగ్గారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది నెదర్లాండ్స్‌లో చేసింది. 2013లో లండన్‌లో రెండున్నర లక్షల యూరోల ల్యాబ్ మాంసం బర్గర్ చూపించిన శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ కూడా అందులో ఉన్నారు, 2020లో వచ్చింది. 193 మందికి రెండు ముక్కలు పెట్టి ఒకటి మామూలు బీఫ్, ఒకటి ల్యాబ్‌ది అని చెప్పారు. నిజానికి రెండూ మామూలు బీఫే. అందరూ తిన్నారు, ల్యాబ్‌ది అనుకున్న ముక్కే ఇంకా రుచిగా ఉందన్నారు! నాలుక మీద కూడా మాట పనిచేస్తుందన్నమాట. కానీ ఇది మన దగ్గర అలాగే చేస్తే అదే వస్తుందని నేను అనుకోను, ఎందుకో చెప్తా.

మనవాళ్ళ నమ్మకం కంటి చూపు మీద ఉంటుంది. చికెన్ షాపుకెళ్తే గంపలో కోడిని చూపించి "ఇది కొయ్యన్నా" అంటాం, మటన్ షాపులో వేలాడేది చూసి "తొడలో వెయ్యి, కొవ్వు తగ్గించు" అంటాం. ఫ్రీజర్‌లో ప్యాకెట్ అంటేనే ఎప్పటిదో ఏమో అని వెనక్కి పెట్టేవాళ్ళు ఎంతమందో. యూరప్ ప్రశ్నపత్రాల్లో "సహజమైనదేనా" అని అడుగుతారు, నేను తిరిగిన ఇళ్ళలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అందరూ అడిగింది "తాజాదేనా, ఎప్పుడు కోసింది" అనే. కోయని మాంసానికి ఆ ప్రశ్న ఎలా సర్దుకోవాలో నాకూ తెలీలేదు. ఇంకోటి, చాలామంది దీన్ని బాయిలర్ కోడితో కలిపేశారు. "ఇంజక్షన్లు ఇచ్చి నలభై రోజుల్ల పెంచిన కోడి తింటలేమా, ఇది గూడ గంతే" అని. బాయిలర్ కోడి అంత తొందరగా ఎదిగేది జాతి వల్ల, దాణా వల్ల, ఇంజక్షన్ల వల్ల కాదు, అయినా ఆ మాట ఇన్నేళ్ళుగా పోలేదు. అలా అన్నవాళ్ళు ల్యాబ్ మాంసాన్ని మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా? ఫారంలో మాత్రం "కొంటాను" కింద పడ్డారు.

చెంగిచెర్లలో గొర్లు కాసే ఒకాయన దగ్గర మాత్రం నేనే పాఠం నేర్చుకున్నా. ప్రభుత్వ పథకంలో వచ్చిన ఇరవై గొర్లు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టాడట. అంతా విని "పెంచుతరు సరే, దానికి మేత ఏం పెడ్తరు?" అన్నాడు. శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్న ప్రశ్న అది. ఈ కణాలు పెరగడానికి ఇన్నాళ్ళూ వాడింది ఎక్కువగా చూడి ఆవుని కోసినప్పుడు కడుపులోని దూడ రక్తం నుంచి తీసే సీరం, అది లేకుండా పెంచే పద్ధతులు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. "అహింసా మాంసం" అని పేపర్లలో రాసినప్పుడు ఈ సంగతి ఎంతమంది చెప్పారు? మన దేశంలో ఆవు దూడ రక్తం అన్న ఒక్క మాట చెప్పి అడిగితే ఆ 48.7 శాతం ఎక్కడికి పోతుందో మీరే ఊహించండి. రెండో ప్రశ్న ఇంకా సూటిగా వేశాడు, "అది ఒస్తే నా గొర్లు ఎవడు కొంటడు చెల్లె?" 2023లో ఇటలీ రైతుల పేరు చెప్పే దీన్ని నిషేధించింది, 2024లో ఫ్లోరిడా కూడా. మా ఫారం మాత్రం అందర్నీ కొనేవాళ్ళుగానే చూసింది, పెంచేవాళ్ళని అడిగే ప్రశ్న ఒక్కటి లేదు.

శాకాహారుల ఇళ్ళలో పెద్దగా చెప్పడానికి లేదు, "చంపినా చంపకపోయినా మాంసం మాంసమే కదమ్మా" అని తలుపు దగ్గరే తేల్చేశారు.

కాబట్టి మీ ప్రాజెక్టుకి వంద ఫారాలు వద్దు, పాతికమందితో కూర్చుని మాట్లాడండి. వాళ్ళు ఇచ్చిన జవాబుతో పాటు వాళ్ళు తిరిగి మిమ్మల్ని ఏం అడిగారో అది కూడా రాసుకోండి, నా దృష్టిలో అసలు డేటా అదే. ప్రశ్నలు ఇంగ్లీషులో రాసి అనువాదం చేయించొద్దు, ముందు మీ ఇంట్లో అమ్మకో నానమ్మకో నోటితో చెప్పి చూడండి, ఎక్కడ "అంటే?" అంటారో అక్కడ మాట మార్చండి, మార్చిన మాట వల్ల జవాబు ఏ పక్కకి ఒరుగుతోందో అది కూడా నోట్ చేసుకోండి. మటన్ షాపుల దగ్గర మాట్లాడాలంటే ఆదివారం పొద్దున ఏడింటికల్లా వెళ్ళండి, లైన్లో నిలబడ్డప్పుడు జనం బాగా మాట్లాడతారు, సంచి చేతికి వచ్చాక ఒక్కరు ఆగరు.