సీసాలో తేనె ఎందుకు పొంగుతోంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. జీడితోటలో 12 పెట్టెల్లో నాటు తేనెటీగలను పెంచుతున్నాం. ఇంటిల్లిపాదీ కలిసి తేనె తీసి పర్లాకిమిడిలో అమ్ముతాం. ఈసారి సీసాల్లో నురగ వచ్చి మూతలు లేస్తున్నాయి. కాచి పోస్తే సరిపోతుందా? వానాకాలంలో ఈగలు పెట్టెలు వదిలి పోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: కాచినా ఫలితం లేదండీ, ఆ తేనె పులిసిపోయింది. అమ్మకండి. ఈగలకు మేతగానూ పెట్టవద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

తప్పు సీసాది కాదు, తొందరపడి తీయడానిది. పూల నుంచి తెచ్చిన మకరందంలో నీరు ఎక్కువ. ఈగలు రెక్కలతో విసిరి దాన్ని ఆరబెట్టి, చిక్కబడ్డాకే ఆ అరలకు మైనంతో మూత వేస్తాయి. అంతకుముందే తీసింది పచ్చి తేనె. తేమ 20 శాతం దాటితే అందులో సహజంగా ఉండే ఈస్టు పని మొదలుపెడుతుంది. మన ఆహార ప్రమాణాలు ఒప్పుకునే గరిష్ఠ తేమ కూడా అంతే. కాబట్టి ఫ్రేములో ముప్పాతిక అరలకు మూత పడేదాకా ఆగండి. అనుమానంగా ఉంటే ఫ్రేమును అడ్డంగా పట్టి ఒకసారి కుదపండి. చుక్కలు రాలితే తిరిగి పెట్టేయండి. చుట్టుపక్కల పెంపకందార్లు కలిసి తేనెలో తేమ కొలిచే రిఫ్రాక్టోమీటరు ఒకటి కొనుక్కుంటే ఈ అనుమానమే ఉండదు. ముసురు రోజున తేనె తీయవద్దు. సీసాలు బొత్తిగా తడి లేకుండా ఆరాలి, తేనె గాలిలోని తేమను కూడా లాగేసుకుంటుంది.

ఈగలు వెళ్లిపోవడానికీ చాలాసార్లు ఈ తొందరే కారణం. వానల్లో పూలు తక్కువ, పైగా మనం అంతా ఊడ్చేస్తే అవి ఏం తిని ఉండాలి? పెట్టెలో ఈగలు పిల్లలను పెంచే కింది గదిలోని తేనె ముట్టుకోకండి. అవసరమైతే కిలో పంచదారకు లీటరు నీళ్లు కలిపి, సాయంత్రం పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పూత రాగానే పాకం ఆపేయాలి, లేకపోతే మీరు అమ్మేది పంచదారే. అడుగు పలకను వారానికోసారి శుభ్రం చేసి, నల్లబడిన ఖాళీ తెట్టెలు తీసేయండి. మైనపు పురుగు అక్కడే చేరుతుంది. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు.

అక్టోబరు, నవంబరులో వలిసెల (నూనెగింజల పంట) పూత మీద వచ్చే తేనె త్వరగా గడ్డకడుతుంది. కొన్నవాళ్లు పంచదార కలిపారంటారు, ముందే చెప్పి అమ్మండి. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది.

వ్యాపారం సంగతి: నాటు ఈగల పెట్టె బాగా చూసుకున్నా ఏడాదికి 5 నుంచి 8 కిలోలే. గిరాకీ పెరిగిందని బయట తేనె కొని కలపకండి, అయిపోయిందని చెప్పండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకుని, సీసాపై తీసిన నెల, ఏ పూత తేనో రాయండి.

జీడి పూతలో టీ దోమకు (చిగుళ్ల, పూత రసం పీల్చే పురుగు) మందు కొట్టక తప్పకపోతే పొరుగు రైతులతో రోజు మాట్లాడుకుని, ఈగలు గూటికి చేరాక సాయంత్రమే కొట్టించండి. మర్నాడు పొద్దున కొంతసేపు, గాలి ఆడేలా చూసి, పెట్టెల ద్వారాలు మూసి ఉంచండి.