ఎమ్మెల్యే పదవి వదిలి కౌంటీకా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని మిల్వాకీలో ఉంటాడు. అక్కడ డేవిడ్ క్రౌలీ అనే ఆయన అసెంబ్లీ వదిలి కౌంటీ పదవికి వెళ్లారట. మెట్టు దిగినట్టు కాదా మేడమ్?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదండీ. 2017 నుంచి విస్కాన్సిన్ రాష్ట్ర అసెంబ్లీలో ఉన్న ఆయన 2020లో మిల్వాకీ కౌంటీ ఎగ్జిక్యూటివ్‌గా గెలిచారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఎగ్జిక్యూటివ్ అంటే దాని పాలనాధిపతి. ఆ పదవికి ఎన్నికైన తొలి నల్లజాతీయుడు ఆయనే. మన జడ్పీ చైర్మన్‌ని జడ్పీటీసీలు ఎన్నుకుంటారు. అక్కడ నేరుగా ఓటర్లే. బస్సులు, పార్కులు కౌంటీవే. బడ్జెట్ ఆయన ప్రతిపాదిస్తే కౌంటీ బోర్డు ఆమోదించాలి. నాకైతే అది పెద్ద కుర్చీయే. ఊరి బావి పూడిక తీయించమని మా నాన్న అర్జీ పట్టుకుని జిల్లా ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కారో! చెమటకి కాగితం మెత్తబడిపోయేది. సంతకం పడిన రోజు అరండల్‌పేటలో నాకు బాదంపాలు ఇప్పించారు.