మూడేళ్ల పాప అన్నం ముద్ద మింగట్లేదు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: పాపకు మూడేళ్లు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పగలంతా నానమ్మ చూసుకుంటుంది. ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది, ఫోన్ ఇస్తేనే తింటుంది, కూర ముక్క నోటికి తగిలితే ఉమ్మేస్తుంది. బలానికి పాలల్లో ఏ పొడి కలపాలని కూడా అడిగారు.

నేను నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. "మావాడు ఏమీ తినడు టీచర్" అనే మాట మా సెంటర్‌లో వినని వారం ఉండదు. కాబట్టి నేను కళ్లారా చూసినవే చెప్తాను.

ముందు మీ టెన్షన్ కొంచెం తగ్గించాలి. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు 9 కిలోలకు వస్తుంది. ఆ తర్వాత ఏడాదికి 2 కిలోల చిల్లర పెరిగితే చాలు. ఒళ్లు పెరగడం నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. "ఇదివరకు గిన్నె ఖాళీ చేసేది, ఇప్పుడు నాలుగు ముద్దలకే మొహం తిప్పేస్తోంది" అని తల్లులు కంగారుపడేది సరిగ్గా ఈ వయసులోనే. పాప 13 కిలోలకు అటూ ఇటూ ఉండి, హుషారుగా ఆడుకుంటుంటే, తిండి తక్కువైందని భయపడక్కర్లేదు. దగ్గర్లోని అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూస్తారు. నెలకోసారి చూపించి, అక్కడి చార్టులో పాప బరువు గీత పైకి వెళ్తోందో లేదో గమనించండి.

ఇప్పుడు అసలు విషయం. మా సెంటర్‌కు ఒక బాబును తీసుకొచ్చేవాళ్లు, అన్నం ముట్టడని. ఒకరోజు వాళ్ల నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న వాడు లేచినప్పటి నుంచి నోట్లోకి ఏమేం పోయిందో వరసగా చెప్పమన్నాను. లేవగానే గ్లాసు పాలు. తాత చాయ్ తాగుతుంటే అందులో ముంచిన రెండు బిస్కెట్లు. కొట్టుకు వెళ్తే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. పొద్దున టిఫిన్ తినలేదని పదకొండింటికి మళ్లీ పాలు. పన్నెండున్నరకు పప్పన్నం కలిపి ముందు పెట్టారు. చెప్తూ చెప్తూనే ఆమె ఆగిపోయింది. "అయ్యో, ఆకలి కాకముందే అన్నీ నేనే పెడుతున్న కదా బిడ్డా" అంది. నేను ఒక్క మాట అనాల్సిన అవసరం రాలేదు.

మీ ఇంట్లో కూడా ఒక రోజంతా ఇలా రాసి చూడండి. పాలు, బిస్కెట్లు, జ్యూస్ డబ్బా, పక్కింటివాళ్లు చేతిలో పెట్టిన చాక్లెట్, అన్నీ. చాలా ఇళ్లల్లో జవాబు ఆ కాగితం మీదే దొరుకుతుంది.

పాలు మంచివే, కాదనను. కానీ మూడేళ్ల పాపకు రోజుకు అర లీటరు లోపే చాలు. అంతకు మించితే కడుపు పాలతోనే నిండిపోతుంది, పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు. చాయ్ అయితే అన్నంలో ఉన్న ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వదు, అందుకే పిల్లలకు ఒక్క గుక్క కూడా వద్దంటాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. రక్తం తక్కువైతే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేదని మళ్లీ పాలే పడతారు. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెంపాలి.

పొడి సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఏదీ కొనకండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనేదే లేదు. డబ్బా వెనక చక్కెర ఎంతుందో ఒకసారి చదవండి. ఆ డబ్బులకు రాగులు వస్తాయి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, అంతే పాలల్లో ఉండేది సుమారు 120. రాగి జావలో మజ్జిగ, కొంచెం ఉప్పు వేసి ఇవ్వండి, రోజూ బెల్లమే అక్కర్లేదు.

నానమ్మ విషయంలో ఒక మాట. "బిస్కెట్లు పెట్టొద్దు అత్తమ్మా" అని మీరు చెప్తే ఇంట్లో గొడవే తప్ప ఫలితం ఉండదు. మనవరాలు అడిగితే లేదనడం ఏ నానమ్మకూ చేతకాదు. అందుకే వద్దనడం కంటే పని అప్పగించడం మంచిది. పదిన్నరకు, సాయంత్రం నాలుగున్నరకు ఏం పెట్టాలో ఆమెనే చేయమనండి. శనగ గుగ్గిళ్లు మెత్తగా ఉడికించి, నువ్వుల లడ్డూ, సర్వపిండి చిన్న ముక్క, పండిన జామ, ఉడికించిన చిలగడదుంప. ఇవన్నీ ఆమెకు మనకంటే బాగా తెలుసు. మా ఊళ్లో ఈ మాట చెప్పాక నానమ్మలే ఒకరినొకరు అడిగి కొత్తవి చేసుకొస్తున్నారు. పల్లీలు మాత్రం గింజలుగా పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. దంచి లడ్డూ చేసి ఇవ్వండి. ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. మొదట్లో పాప ఏడుస్తుంది, నానమ్మకు మనసు ఒప్పదు. అప్పుడు పాల గ్లాసు అందుకోకుండా ఆగగలిగితే సగం పని అయినట్టే.

బుగ్గన పెట్టుకోవడానికి ఇంకో కారణం నేను తరచూ చూస్తాను. ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు మొదలుపెట్టాల్సిన పలుకుల అన్నం పెట్టకుండా, రెండేళ్లు దాటినా మిక్సీలో వేసి మెత్తగా తినిపిస్తారు. ఆ పిల్లలకు నమలడం అలవాటు కాదు. మీ పాప అలా పెరిగి ఉంటే ఉడికిన గుడ్డు ముక్క, మెత్తని దోసె, అరటిపండు లాంటివి చేతికిచ్చి తననే తిననివ్వండి. కింద పడేస్తుంది, పడేయనివ్వండి.

ఇంట్లో ముట్టని పిల్లలు మా దగ్గర ఎలా తింటారని చాలామంది అడుగుతారు. చాప మీద వరసగా కూర్చుంటారు, ఎవరి కంచం వాళ్లది. తింటున్నావా లేదా అని ఎవరూ మొహంలోకి చూస్తూ కూర్చోరు. పక్కవాడు తోటకూర పప్పు కలుపుకుంటే వీడూ వేలు పెడతాడు. మీ ఇంట్లో పగలు కుదరదు, రాత్రి కుదురుతుంది. టీవీ కట్టేసి, ఫోన్లు వేరే గదిలో పెట్టి నలుగురూ కలిసి కూర్చోండి. పాప కంచంలో మీరు తినేవే, కారం తగ్గించి, కొంచెం కొంచెం పెట్టండి. ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం. ఎంత తినాలో పాప ఇష్టం. అరగంట అయ్యాక మిగిలింది తిట్టకుండా తీసేయండి. వాళ్ల నాన్నకు కూడా చెప్పండి, ఆయన బీరకాయ ముక్కలు ఏరి కంచం అంచున పెడితే పాప కూడా అదే చేస్తుంది.

కూరగాయ ఒకసారి ఉమ్మేసిందని వదిలేయొద్దు. కొత్త రుచి పిల్లలకు పట్టాలంటే పది, పదిహేనుసార్లు కంచంలో కనిపించాలి. "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అనొద్దు, అలా అంటే కూర శిక్ష అనీ చాక్లెట్ బహుమతి అనీ మనమే నేర్పినట్టవుతుంది. పప్పులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే రుచికి రుచి, ఐరన్ కూడా బాగా పడుతుంది.

ఇవన్నీ చేస్తూనే ఐరన్ సిరప్ గురించి మీ ప్రాంతంలోని ఏఎన్‌ఎంను (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తను) అడగండి, ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితంగా ఇస్తారు. నులిపురుగుల మాత్ర సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వేస్తారు, తప్పించొద్దు. పాప పచ్చి బియ్యం, మట్టి, సుద్ద తింటున్నా, పాలిపోయినట్టున్నా, రెండు మూడు నెలలుగా బరువు కదలకపోయినా, మెత్తని అన్నానికి కూడా గొంతు అడ్డం పడుతున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ రోజంతా రాసిన కాగితం పట్టుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది దాని గురించే.