టెక్ సందేహాలు: ఏఐ స్టిక్కర్ లాప్‌టాపూ, టెలిగ్రామ్ క్రాకూ

ప్రశ్న: సార్, నాది రాజాం దగ్గర పల్లె, ఈసీఈ థర్డ్ ఇయర్. న్యూరల్ నెట్‌వర్క్ చిప్స్ మీద రీసెర్చ్ చెయ్యాలని ఉంది. 40 టాప్స్ ఎన్‌పీయూ (ప్రాసెసర్‌లో ఏఐ లెక్కల కోసం పెట్టిన భాగం) ఉన్న ఏఐ లాప్‌టాప్ లక్ష చెప్తున్నారు. నాన్న అప్పు చేసైనా కొంటానంటున్నారు. కొనొచ్చా?

వద్దు తమ్ముడూ. బొబ్బిలి నుంచి వచ్చినా పలాస నుంచి వచ్చినా ఇదే ప్రశ్న, ఊరి పేరే మారుతోంది. నువ్వు చెయ్యబోయేది ట్రాన్సిస్టర్ సిమ్యులేషన్. స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్ 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పని ఒకటే, సర్క్యూట్‌ని మేట్రిక్స్‌గా రాసుకుని కన్వర్జ్ అయ్యేదాకా, అంటే జవాబు ఒకచోట నిలబడేదాకా, 64 బిట్ల లెక్కతో సాల్వ్ చేస్తూ పోవడం. లాప్‌టాప్ ఎన్‌పీయూ బతికేదేమో 8 బిట్ల లెక్కల మీద. ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కాకముందే నానోయాంపుల్లో పారే సబ్‌త్రెషోల్డ్ కరెంట్‌కి 8 బిట్లు ఏ మూలకి? నీ సిమ్యులేషన్ నడుస్తున్నంతసేపూ ఆ ఎన్‌పీయూ ఖాళీగా కూర్చుంటుంది. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండి లినక్స్ ఎక్కే మామూలు లాప్‌టాప్ చాలు, అప్పు చెయ్యనివ్వకు.

అసలు ఈ టాప్స్ అంకె సంగతే నాకు పడదు. సెకనుకి ఎన్ని లక్షల కోట్ల ఆపరేషన్లో చెప్తారు, గుణకారం ఒకటీ కూడిక ఒకటీ విడివిడిగా లెక్కేసుకుంటారు, సున్నాలున్న చోట లెక్క ఎగ్గొట్టి దాన్నీ కలిపి రెట్టింపు చూపించేవాళ్లూ ఉన్నారు, ఆ డేటా మెమరీ నుంచి ఎంత స్పీడుగా వస్తుందో మాత్రం స్టిక్కర్ మీద ఉండదు. 45 నానోమీటర్ టెక్నాలజీకి అందరూ చెప్పే లెక్క ప్రకారం 32 బిట్ల ఫ్లోటింగ్ గుణకారానికి 3.7 పికోజౌల్స్ ఎనర్జీ అయితే, అదే 32 బిట్లు చిప్ బయటుండే మెమరీ, డీరామ్ నుంచి చదవడానికి 640. లెక్క చెయ్యడం చవక, తెచ్చుకోవడం ఖరీదు.

నువ్వు రీసెర్చ్ అంటున్నావే, అది మొత్తం ఈ ఖర్చు చుట్టూనే తిరుగుతోంది. బెల్ ల్యాబ్స్‌లో కాంగ్, జీ 1967లో ఫ్లోటింగ్ గేట్ (చుట్టూ ఇన్సులేటర్ ఉండి లోపల ఛార్జి ఇరుక్కుపోయే గేట్) కనిపెట్టారు, నీ పెన్‌డ్రైవ్ చరిత్ర అక్కడే మొదలు. ఆ గేట్‌లో ఇరుక్కున్న ఛార్జినే న్యూరల్ నెట్‌వర్క్ వెయిట్‌గా (అది నేర్చుకున్న అంకెగా) వాడుకుంటే మెమరీకి వెళ్లి రానక్కర్లేదు కదా అని 1989లోనే ఈటాన్ అనే అనలాగ్ చిప్ వచ్చింది, 64 న్యూరాన్లు, 10,240 సినాప్సులు (వాటి మధ్య కనెక్షన్లు). అప్పట్లో నిలదొక్కుకోలేదు, ఇప్పుడు అదే ఐడియా మెమ్‌రిస్టర్ల (రెసిస్టెన్స్ మార్చుకుని దాన్నే గుర్తుపెట్టుకునే డివైస్‌ల) రూపంలో తిరిగొస్తోంది. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు ఒక మాలిక్యులర్ ఫిల్మ్‌లో దాదాపు 16,500 వేర్వేరు కండక్టెన్స్ లెవెల్స్ చూపించి నేచర్‌లో పేపర్ వేశారు. ఈ దారిలో పోవాలంటే ముందు డివైస్ ఫిజిక్స్ గట్టిగా పట్టు, పైథాన్ ఎలాగూ వస్తుంది.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఎంటెక్ చేస్తున్నాను. ప్రాజెక్టుకి టీక్యాడ్ (ట్రాన్సిస్టర్ లోపలి ఫిజిక్స్‌ని సిమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్) కావాలి, టెలిగ్రామ్‌లో లైసెన్స్ లేకుండా నడిచే క్రాక్ దొరికింది. యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యమంటే చేశాను. అప్పట్నుంచీ నా మెయిల్‌లో ఎవరో లాగిన్ అయినట్టు అలర్ట్‌లు వస్తున్నాయి. ఓటీపీ పెట్టుకున్నాను కదా, ఎలా వెళ్లారు?

ఓటీపీ అడిగే అవసరమే వాళ్లకి రాలేదమ్మా. నువ్వు లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక సెషన్ కుకీ, అంటే నువ్వు లాగిన్ అయ్యావనే గుర్తు, దాచుకుంటుంది, క్రాక్‌తో పాటు వచ్చిన స్టీలర్ అనే దొంగ ప్రోగ్రామ్ ఆ కుకీనీ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లనీ పట్టుకుపోయింది. వాళ్ల బ్రౌజర్లో ఆ కుకీ పెడితే సైట్ దృష్టిలో అది నువ్వే. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇందులో ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఎవరికీ నంబర్ చెప్పక్కర్లేదు, తాళం తీసి లోపలికి రమ్మన్నది మనమే. "యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి, ఫాల్స్ అలారం" అని రీడ్‌మీలో రాసుంటే ఎంటెక్ చదివేవాళ్లు కూడా నమ్మేస్తే ఏటి చెప్పాలి?

ముందు ఆ లాప్‌టాప్‌కి నెట్ తీసెయ్. వేరే ఫోన్ నుంచి మెయిల్‌లోకి వెళ్లి అన్ని డివైస్‌ల నుంచీ సైనౌట్ కొట్టు, తర్వాత పాస్‌వర్డ్ మార్చు, ఫార్వర్డింగ్ రూల్స్ చూడు, చాలామంది మర్చిపోయేది అదే, వాళ్లు అక్కడ రూల్ పెట్టి ఉంటే నీ మెయిళ్లన్నీ కాపీ అయి ఎక్కడికో పోతూనే ఉంటాయి. రికవరీ నంబరూ నీదేనా చూసుకో. థీసిస్ ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని ఫార్మాట్ చెయ్, ఈఎక్స్‌ఈ ఒక్కటి కూడా వెనక్కి తేవద్దు. ఆ క్రాక్‌ని పెన్‌డ్రైవ్‌లో ల్యాబ్ సిస్టమ్స్‌కి ఎక్కించి ఉంటే సిగ్గుపడకుండా ఇవాళే చెప్పు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

టీక్యాడ్ కావాలంటే డెవ్‌సిమ్ ఉచితం. సర్క్యూట్‌కి ఎన్‌జీస్పైస్, ఎక్స్‌స్కీమ్, లేఅవుట్‌కి కేలేఅవుట్ ఉన్నాయి, 130 నానోమీటర్ పీడీకే (చిప్ ఫ్యాక్టరీకి తగ్గట్టు డిజైన్ చెయ్యడానికి కావాల్సిన ఫైళ్ల కిట్) కూడా ఓపెన్‌గానే దొరుకుతోంది. ఖరీదైన టూల్సే కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ సెంటర్ కాలేజీలకి లైసెన్స్ ఇస్తోంది, కానీ అప్లై చెయ్యాల్సింది కాలేజీ. న్యాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్లకి పెట్టే టైమ్‌లో పదో వంతు దీనికి పెడితే పిల్లలు టెలిగ్రామ్‌లో వెతుక్కోరు కదా. మీ హెచ్ఓడీ గారిని అడుగు, ఒకసారి అడిగితే కదలరు, లెటర్ రాసి ఇచ్చి ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకో.