పాత కాగితాలతో కొలాజ్ (ముక్కలు అంటించి చేసే బొమ్మ) చేస్తే ఆరాక అట్ట వంగిపోతోంది, ముడతలు పడుతున్నాయి. ఏ గమ్ వాడాలి?

గమ్ మార్చినంత మాత్రాన వంకర పోదు. అసలు సంగతి నీళ్లది, కాగితంలో ఉండే పీచుది.

మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడే పీచు ఎక్కువ భాగం ఒకే వాలుకి పడుకుంటుంది. తడి తగలగానే ఆ వాలుకి అడ్డంగా కాగితం సాగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. పెద్ద సైజు న్యూస్‌పేపర్‌ని పైనుంచి కిందికి చింపి చూడండి, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. తిన్నగా చిరిగిన వైపే పీచు వాలు.

ఇక ముడత. జిగురు రాయగానే ముక్క చుట్టుకుపోతుంది, అంటే ఇంకా సాగుతోందన్నమాట. చాలామంది కంగారుపడి అప్పుడే అట్ట మీద అదిమేస్తారు. అంటుకున్నాక కూడా అది సాగుతూనే ఉంటుంది. పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది, అదే ముడత. జిగురు రాసి ఒక నిమిషం ఆగండి. చుట్టుకున్నది మెల్లగా విప్పుకుని మెత్తబడుతుంది. అప్పుడు మధ్యలో ఆనించి, పొడి గుడ్డతో అంచుల వైపు నెట్టండి. వేళ్లతో రుద్దితే తడి న్యూస్‌పేపర్ చిరుగుతుంది, సిరా కూడా పాకుతుంది.

ఆరేటప్పుడు ఆ ముక్కలన్నీ కుంచించుకుంటూ అట్టని తమ వైపు లాగుతాయి. అందుకే బొమ్మ ఉన్న వైపుకే వంగుతుంది. దీనికి ఒకటే మందు: అదే రోజు అట్ట వెనక కూడా అంతే మందం ఉన్న కాగితాన్ని, పీచు వాలు ముందువైపుతో కలిసేలా, అదే జిగురుతో అంటించాలి. లాగుడు రెండు వైపులా సమానమవుతుంది. తర్వాత రెండు వైపులా పాలిథిన్ షీటు వేసి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. ఫ్యాన్ కింద పెట్టి తొందరగా ఆరబెడితే చేసిన పనంతా వృథా.

మీరు అడిగిన గమ్ సంగతి. తెల్ల ఫెవికాల్ మూడు వంతులకి నీళ్లు ఒక వంతు చాలు. ఖర్చు తగ్గాలంటే మైదా లై: రెండు చెంచాల మైదాని పావు కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న కప్పు నీళ్లలో పోసి, పారదర్శకంగా మారేదాకా మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలవుంటుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేయమనేవాళ్లున్నారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు.

కాగితాల ఎంపిక ఇంతకన్నా ముఖ్యం. న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎక్కువ, ఎండ తగిలితే పసుపెక్కుతుంది. ఆ పసుపు కావాలనుకున్న చోటే వాడండి. పలచని కాగితానికి వెనకవైపు అచ్చు తడికి బయటపడుతుంది, కాబట్టి ముందు కిటికీ వెలుతురుకి పట్టి చూడండి. బస్సు టికెట్లు, సూపర్ మార్కెట్ బిల్లులు థర్మల్ కాగితం, అంటే సిరా లేకుండా వేడితో అచ్చుపడేది, అక్షరాలు మాసిపోతాయి. జిరాక్స్ తీసి అది అంటించండి. శుభలేఖల్లో ప్లాస్టిక్ పూత ఉన్నవాటికి నీళ్ల జిగురు పట్టదు. పూత లేనివి మాత్రం బంగారం, ఎంత మంచి రంగులుంటాయో!

ఇళ్లల్లో ఇన్ని శుభలేఖలూ క్యాలెండర్లూ పడి ఉంటే, 'రీసైకిల్డ్ క్రాఫ్ట్' పేరుతో స్కూళ్లు కొత్త రంగు కాగితాల ప్యాకెట్లు కొనిపించడం నాకు అస్సలు మింగుడుపడదు. మన ఇళ్లల్లో పాత కాగితాలు నానబెట్టి మెంతులతో రుబ్బి బుట్టలకి మెత్తేవారు. దాని కోసం ఎవరూ కొత్త కాగితం కొనలేదు. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1957 ప్రాంతంలో చూపు పోయాక కూడా కాగితం ముక్కలతో కొలాజ్‌లు చేశారు. ఖరీదైన ప్యాకెట్ లేకపోతే కళ ఆగదు.

చివరగా, పైన ఫెవికాల్ పూత వేయకండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల ఉక్కపోతకి అది మెత్తబడి ఫ్రేము అద్దానికి అంటుకుంటుంది. పూత లేకుండానే ఫ్రేము కట్టించి, అద్దానికీ బొమ్మకీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా మౌంటు (బొమ్మ చుట్టూ వేసే అట్ట అంచు) వేయించండి. ఎండ నేరుగా పడని గోడకి తగిలించండి.