‘మూడేసి నెలలు పాలించారు’ అనవచ్చునా?

సందేహం: మా అమ్మాయి ‘నాలుగు చక్రవర్తుల సంవత్సరం’ అనే శీర్షికతో రాసిన చరిత్ర వ్యాసంలో ‘క్రీ.శ. 69లో రోమును నలుగురు చక్రవర్తులు పాలించారు’ అని ఉంది. నలుగురూ కలిసి పాలించినట్లు అనిపించి, ‘నలుగురు చక్రవర్తులు మూడేసి నెలలు పాలించారు’ అని దిద్దాను. నా దిద్దుబాటు సరైనదేనా?

సమాధానం: వ్యాకరణం ఒప్పుకుంటుంది, చరిత్రే ఒప్పుకోదు. సంఖ్య మీద ‘ఏసి’ చేరితే అందరికీ సమానమని అర్థం. ‘పిల్లలకు రెండేసి లడ్డూలు ఇచ్చాను’ అంటే ఎవరికీ ఎక్కువ తక్కువలు లేవు. ‘తలా మూడు నెలలు’ అన్నా, ‘మూడు నెలల చొప్పున’ అన్నా అంతే. పన్నెండు నెలలను నలుగురికి పంచితే లెక్క ముచ్చటగా తేలుతుంది కానీ, రోములో ఆ ఏడాది గద్దె దిగిన ముగ్గురిలో ఎవరూ గడువు ముగిసి దిగలేదు.

నీరో 68 జూన్‌లో చనిపోయాక వచ్చిన గాల్బాకు 69లో దక్కింది రెండు వారాలే. తన అంగరక్షక దళమే ఓథో వైపు తిరగడంతో జనవరి 15న ఫోరమ్‌లో హతుడయ్యాడు. ఓథో మాత్రం మీ లెక్కకు సరిగ్గా సరిపోతాడు: మూడు నెలలు ఏలి, ఏప్రిల్‌లో బెడ్రియాకమ్ దగ్గర తన సేన ఓడిపోగానే ఆత్మహత్య చేసుకున్నాడు. తరువాతి విటెల్లియస్ డిసెంబరు 20న చంపబడేదాకా ఉన్నాడు. నాలుగోవాడు వెస్పాసియన్ ఆ ఏడాది రోములో అడుగే పెట్టలేదు. ఈజిప్టులో ఉండగానే సెనేటు ఆమోదం దొరికింది.

మీ అమ్మాయి రాసింది ‘నలుగురు’. మీరు చదివింది ‘నలుగురూ’. చిక్కంతా ఆ దీర్ఘంతో వచ్చింది. ఉమ్మడి పాలన చెప్పదలిస్తే తెలుగులో ‘కలిసి’ అనో ‘ఉమ్మడిగా’ అనో అంటాం. ‘మా ఊళ్లో ఇరవై ఏళ్లలో నలుగురు సర్పంచులుగా చేశారు’ అంటే వాళ్లంతా ఒకే కుర్చీలో కూర్చున్నారని ఎవరూ అనుకోరు.

‘నలుగురు చక్రవర్తులు మారారు’ అనడమూ కుదరదు. మారినవాళ్లు ముగ్గురే. వెస్పాసియన్ 79 దాకా నిలిచాడు.

కాబట్టి అమ్మాయి వాక్యాన్నే ఉంచి, ‘ఒకరి తరువాత ఒకరు’ అని చేర్చండి. పట్టుబట్టే చరిత్రకారుడు దీనికీ ఒప్పుకోకపోవచ్చు. గాల్బా బతికి ఉండగానే, జనవరి మొదట్లో, రైన్ తీరంలోని సైన్యం విటెల్లియస్‌ను చక్రవర్తిగా ప్రకటించింది. విటెల్లియస్ గద్దె మీద ఉండగానే జులై 1న అలెగ్జాండ్రియాలో వెస్పాసియన్‌ను ప్రకటించారు. బడి వ్యాసానికి అంత పట్టింపు అక్కర్లేదు.

శీర్షిక మాత్రం దిద్దవలసిందే. మనుషులకు ‘నాలుగు’ వాడం, ‘నలుగురు చక్రవర్తుల సంవత్సరం’ అనాలి.